హిట్ ఫార్ములా దొరికిన ప్రతిసారీ దాన్నే వదిలేశారు.. 'రేడియోహెడ్' సౌండ్ ఎందుకిలా మారుతూ వచ్చింది?

1997లో వచ్చిన ఓ ఆల్బమ్‌లోని ఐదో పాట అది. పేరు 'లెట్ డౌన్'. సరిగ్గా 28 ఏళ్ల తర్వాత, 2025లో ఆ పాట అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులోకి వచ్చి కూర్చుంది. రీమిక్స్ కాదు, కొత్త వెర్షన్ కాదు. అదే పాత రికార్డింగ్! టిక్‌టాక్‌లో కుర్రకారు తమ చిన్న చిన్న వీడియోల వెనుక ఆ పాట పెట్టుకోవడంతో మళ్లీ పైకి లేచింది. అప్పటికి వాళ్లలో చాలామంది పుట్టనే లేదు.

ఆ పాట పాడింది ఇంగ్లండ్‌కు చెందిన 'రేడియోహెడ్'. అదే ఏడాది నవంబర్‌లో, ఏడేళ్ల గ్యాప్ తర్వాత ఆ బ్యాండ్ మళ్లీ స్టేజ్ ఎక్కింది. స్పెయిన్‌లోని మాడ్రిడ్ నుంచి మొదలుపెట్టి బొలోన్యా, లండన్, కోపెన్‌హాగన్, బెర్లిన్‌లలో కచేరీలు చేసింది.

మీ ఫీడ్‌లో కూడా ఏదో ఒక రీల్ వెనుక వీళ్ల పాట వినే ఉంటారు. ఆ పాట నచ్చి ఆల్బమ్స్ వెతికితే మాత్రం కన్‌ఫ్యూజ్ అవ్వడం ఖాయం. ఒకదాంట్లో గిటార్ల మోత. ఇంకోదాంట్లో గిటారే వినపడదు, అంతా కంప్యూటర్ శబ్దాలు. మరోదాంట్లో వయొలిన్లు. ఇదంతా ఒకే బ్యాండా? అవును, ఒకే బ్యాండ్. మొదటి నుంచీ ఆ ఐదుగురే. మరి సౌండ్ ఎందుకు ఇంతలా మారింది? అలా మార్చడానికి వాళ్లు ఏం పణంగా పెట్టారు? వివరంగా చూద్దాం..

ఆర్ట్ రాక్ అంటే ఏంటి?

ముందు ఈ మాట సంగతి చూద్దాం. రాక్ అంటే గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఆర్ట్ రాక్‌లో ఈ లెక్కలు ఉండవు. పల్లవి తిరిగి రాకపోవచ్చు. ఒకే పాట మూడు ముక్కలుగా ఉండొచ్చు. స్టూడియోను కేవలం పాట రికార్డ్ చేసే గదిలా కాకుండా, దాన్నే ఓ వాయిద్యంలా వాడతారు. ఆల్బమ్ అంటే పాటల మూట కాదు, మొదటి నుంచి చివరి వరకు వరసగా వినాల్సిన ఒక్క రచన అన్నమాట. పింక్ ఫ్లాయిడ్, డేవిడ్ బౌవీ, రాక్సీ మ్యూజిక్, టాకింగ్ హెడ్స్.. వీళ్లంతా ఈ దారిలో నడిచినవాళ్లే. రేడియోహెడ్ అనే పేరు కూడా టాకింగ్ హెడ్స్ పాట ఒకదాని పేరులోంచి తీసుకున్నదే.

శుక్రవారం పుట్టిన బ్యాండ్

ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ అనే ఊళ్లోని ఓ స్కూల్. 1985లో అక్కడి విద్యార్థులు టామ్ యార్క్ (గొంతు), ఎడ్ ఓబ్రయన్ (గిటార్), కాలిన్ గ్రీన్‌వుడ్ (బేస్), ఫిల్ సెల్వే (డ్రమ్స్) కలిసి ఓ బ్యాండ్ పెట్టారు. కాలిన్ తమ్ముడు జానీ గ్రీన్‌వుడ్ చివర్లో వచ్చి చేరాడు. వయసులో అందరికంటే చిన్నవాడు. స్కూల్ మ్యూజిక్ రూమ్‌లో శుక్రవారం శుక్రవారం ప్రాక్టీస్ చేసేవాళ్లు. అందుకే బ్యాండ్‌కు మొదట పెట్టుకున్న పేరు 'ఆన్ ఎ ఫ్రైడే'!

తర్వాత నలుగురూ కాలేజీ చదువుల కోసం తలో ఊరూ వెళ్లినా, బ్యాండ్ మాత్రం విడిపోలేదు. సెలవుల్లో కలిసి వాయించుకునేవాళ్లు. చదువులయ్యాక 1991లో ఈఎంఐ కంపెనీతో ఆరు ఆల్బమ్‌ల ఒప్పందం కుదిరింది. కాలిన్ అప్పుడు ఓ రికార్డుల షాపులో పని చేస్తున్నాడు. ఈఎంఐ ప్రతినిధి పరిచయమైంది ఆ షాపులోనే. జానీ అయితే కాలేజీలో చేరిన కొన్ని వారాలకే చదువు వదిలేసి వచ్చేశాడు. కంపెనీ కోరిక మీద పేరు రేడియోహెడ్‌గా మారింది.

'క్రీప్' తెచ్చిన పేరు.. వేసిన సంకెళ్లు

1992లో వచ్చిన 'క్రీప్' పాట వీళ్లను ప్రపంచానికి పరిచయం చేసింది. అదీ వెంటనే కాదు. విడుదలైనప్పుడు సొంత దేశం బ్రిటన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ముందు ఇజ్రాయెల్ రేడియోలో హిట్టయింది. తర్వాత అమెరికాలో పట్టుకుంది. ఆ హడావుడి చూసి 1993లో బ్రిటన్‌లో మళ్లీ రిలీజ్ చేస్తే అప్పుడు టాప్ 10లోకి వచ్చింది.

ఈ పాటలో ఓ చిన్న విశేషం ఉంది. పల్లవి మొదలయ్యే ముందు గిటార్ 'ఖర్ర్.. ఖర్ర్' అని రెండు మూడుసార్లు కొట్టినట్టు వినిపిస్తుంది. పాట మరీ మెత్తగా ఉందని విసుగొచ్చి జానీ గిటార్ తీగల్ని గట్టిగా బాదాడట. పాటను పాడు చేద్దామని చేసిన పనే ఆ పాటకు గుర్తుగా మిగిలిపోయింది.

అసలు సమస్య అక్కడే మొదలైంది. ఎక్కడికెళ్లినా జనానికి 'క్రీప్' కావాలి. అది అయిపోగానే కొందరు లేచి వెళ్లిపోయేవాళ్లు. మొదటి ఆల్బమ్ 'పాబ్లో హనీ' 1993లో వచ్చింది కానీ, అందరి దృష్టిలో వీళ్లు 'ఒక్క పాట బ్యాండ్'. తర్వాత్తర్వాత ఆ పాటను వాళ్లు కచేరీల్లో ఏళ్ల తరబడి పాడటమే మానేశారు.

ఇక్కడో నిమిషం ఆగండి. మ్యూజిక్ అనే కాదు.. సినిమా అయినా, యూట్యూబ్ ఛానెల్ అయినా, ఒకటి హిట్టయితే అలాంటివే ఇంకో పది చేయమంటారు చుట్టూ ఉన్నవాళ్లు. చేస్తే డబ్బు గ్యారంటీ. చేయకపోతే ఉన్న జనం కూడా పోతారేమో అని భయం. రేడియోహెడ్ ముందు ఈ ప్రశ్న ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చింది.

మొదటి మలుపు: 'ది బెండ్స్'

1995లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ది బెండ్స్'లో మూడు గిటార్లు ఉంటాయి. కానీ ముగ్గురూ ఒకటే వాయించరు. ఒకరు తీగల్ని మెల్లగా మీటుతుంటే, ఇంకొకరు పైన సన్నటి మెలోడీ అల్లుతారు. మూడో గిటార్ ఎఫెక్ట్స్‌తో అలల్లాంటి శబ్దం తెస్తుంది. యార్క్ గొంతు అరుపు నుంచి సన్నని పై స్థాయికి, అంటే ఫాల్సెటోకి మారింది ఇక్కడే. 'ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్' పాటను అతను అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ కచేరీ చూసి వచ్చి రికార్డ్ చేశాడు. ఆ ప్రభావం గొంతులో తెలుస్తుంది.

ఈ ఆల్బమ్‌తోనే ఇద్దరు బయటివాళ్లు వీళ్లకు దగ్గరయ్యారు. ఒకరు సౌండ్ ఇంజనీర్ నైజెల్ గాడ్రిచ్. ఆ తర్వాతి ఆల్బమ్ నుంచి నిర్మాతగా బ్యాండ్‌తోనే ఉండిపోయాడు. రెండోవారు చిత్రకారుడు స్టాన్లీ డాన్‌వుడ్. ఆల్బమ్ కవర్ల మీద బొమ్మలన్నీ యార్క్‌తో కలిసి ఆయన వేసినవే.

ఈ ఆల్బమ్ సౌండ్ తర్వాత వచ్చిన చాలా బ్రిటిష్ బ్యాండ్లకు దారి చూపించింది. కోల్డ్‌ప్లే తొలి పాటలు వింటే ఆ పోలిక వెంటనే దొరుకుతుంది. మిగతావాళ్లు ఈ దారిలోకి వచ్చేసరికి రేడియోహెడ్ మాత్రం అక్కడ లేదు!

'ఓకే కంప్యూటర్': మెట్ల మీద పాడిన పాట

మూడో ఆల్బమ్‌ను స్టూడియోలో కాకుండా సొంత చోట చేయాలనుకున్నారు. ముందు ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఓ షెడ్డులో. ఆ తర్వాత బాత్ నగరం దగ్గర ఓ పాతకాలపు బంగళాలో. ఆ బంగళానే వాయిద్యంలా వాడుకున్నారు. 'ఎగ్జిట్ మ్యూజిక్' పాటలో యార్క్ గొంతు చుట్టూ వినిపించే ప్రతిధ్వని మెషిన్ నుంచి వచ్చింది కాదు, ఆ ఇంటి రాతి మెట్ల దగ్గర పాడితే వచ్చింది. 2025లో వైరల్ అయిన 'లెట్ డౌన్'ను తెల్లవారుజామున 3 గంటలకు పెద్ద హాల్లో రికార్డ్ చేశారు. అందులో జానీ గిటార్ ఒక తాళంలో నడుస్తుంది, మిగతా వాయిద్యాలు ఇంకో తాళంలో నడుస్తాయి. గంటలు మోగినట్టు, ఎప్పటికీ నేల మీద వాలనట్టు అనిపించేది అందుకే.

1997లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో పాటలన్నీ వేగం గురించి, ప్రయాణాలు, యంత్రాలు, ఒంటరితనం గురించి. ఓ ట్రాక్‌లో అయితే మనిషి గొంతే లేదు. కంప్యూటర్‌లోని వాయిస్ సాఫ్ట్‌వేర్ మాట్లాడుతుంది. 'పారనాయిడ్ ఆండ్రాయిడ్' ఆరు నిమిషాలకు పైనే ఉంటుంది, దాన్నే మొదటి సింగిల్‌గా వదిలారు. ఇలాంటి ఆల్బమ్ ఎవరు కొంటారని అమెరికాలోని కంపెనీ తన అమ్మకాల అంచనాలను తగ్గించుకుంది. కానీ జరిగింది వేరు. బ్రిటన్‌లో నంబర్ వన్. ఆ తర్వాత గ్రామీ అవార్డు. 'ఈ దశాబ్దపు గొప్ప ఆల్బమ్' అన్న పొగడ్తలు.

ఇంకేం కావాలి? ఇలాంటివే ఇంకో రెండు చేస్తే జీవితాంతం స్టేడియాలు నిండుతాయి. కానీ యార్క్ అప్పటికి కుప్పకూలిపోయి ఉన్నాడు.

'కిడ్ ఎ': బ్యాండ్ విడిపోయేంత గొడవ

ఏడాది పొడవునా ఊరూరా కచేరీలు. ఆపకుండా ఇంటర్వ్యూలు. ఆ టూర్ మీద తీసిన 'మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ' అనే డాక్యుమెంటరీ చూస్తే ఆ అలసట కళ్లకు కడుతుంది. టూర్ ముగిశాక యార్క్ డిప్రెషన్‌లోకి వెళ్లాడు. పాట రాయలేకపోయాడు. రేడియో పెడితే తమ బ్యాండ్‌ను అనుకరించే గొంతులే వినిపించేవి. గిటార్ అంటే విసుగొచ్చింది. ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతకారుల రికార్డులు తప్ప దాదాపుగా వేరేవి వినలేదు.

1999లో పారిస్‌లో కొత్త ఆల్బమ్ పని మొదలైంది. తర్వాత కోపెన్‌హాగన్. నెలలు గడిచినా పాట పూర్తి కాలేదు. యార్క్ తెచ్చేవి పూర్తి పాటలు కావు, ముక్కలు. ఓ శబ్దం, ఓ బీట్, అంతే. ఇక మిగతావాళ్ల పరిస్థితి ఆలోచించండి. పదిహేనేళ్లుగా గిటార్ వాయిస్తున్న ఎడ్ ఓబ్రయన్‌కు 'ఈ పాటలో గిటార్ వద్దు' అంటే అతనేం చేయాలి? డ్రమ్ మెషిన్ ఉంటే ఫిల్ ఎందుకు? మూడు నిమిషాల మంచి గిటార్ పాటలు చేద్దామన్నది ఓబ్రయన్ కోరిక. విడుదల చేయదగ్గ ఆల్బమ్ మీద ఏకాభిప్రాయం కుదరకపోతే బ్యాండ్ రద్దు చేసేద్దామని ఐదుగురూ అనుకునే వరకు వెళ్లింది వ్యవహారం.

దారి చూపింది నిర్మాత గాడ్రిచ్. బ్యాండ్‌ను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు గిటార్లు, డ్రమ్స్ ముట్టుకోకుండా ఏదో ఒక శబ్దం పుట్టించాలి. రెండో జట్టు దాన్ని తీసుకుని పాటగా పెంచాలి. అలా ఎవరి వాయిద్యం ఏదన్న లెక్క పోయింది. 'ది నేషనల్ ఆంథెమ్'లో బేస్ వాయించింది కాలిన్ కాదు, యార్క్!

'ఇడియోటెక్' పాట పుట్టుక ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. జానీ సింథసైజర్‌తో దాదాపు 50 నిమిషాలు ఏదేదో వాయించి రికార్డ్ చేసి యార్క్‌కు ఇచ్చాడు. అందులో ఓ పాత రికార్డు నుంచి తీసుకున్న చిన్న ముక్క కూడా ఉంది. పాల్ లాన్‌స్కీ అనే అమెరికా స్వరకర్త 1970ల్లో కంప్యూటర్‌తో చేసిన సంగీతం అది. ఇలా వేరే రికార్డు నుంచి ముక్క తీసి వాడుకోవడాన్నే శాంప్లింగ్ అంటారు. ఆ 50 నిమిషాల్లోంచి యార్క్ ఏరుకున్నది ఒక్క నిమిషం కూడా లేదు. పాట మొత్తం దాని మీదే నిలబడింది.

మరో కొత్త శబ్దం 'ఓండ్ మార్తెనో'. 1928లో ఫ్రాన్స్‌లో తయారైన ఎలక్ట్రానిక్ వాయిద్యం ఇది. వేలికి ఉంగరం తొడుక్కుని తీగ వెంట జరుపుతుంటే స్వరం తెగకుండా జారుతూ పోతుంది. మన వీణ మీద గమకం పలికినప్పుడు స్వరం ఎలా సాగుతుందో అలాగన్నమాట. జానీకి కుర్రతనం నుంచీ దీనిమీద మోజు. 'హౌ టు డిజప్పియర్ కంప్లీట్లీ' పాటలో ఆకాశంలోంచి వస్తున్నట్టు వినిపించేది ఇదే.

2000 అక్టోబర్‌లో 'కిడ్ ఎ' వచ్చింది. సింగిల్స్ లేవు. మామూలు మ్యూజిక్ వీడియోలు లేవు. వాటి బదులు కొన్ని సెకన్ల నిడివి ఉన్న యానిమేషన్ క్లిప్‌లు ఇంటర్నెట్‌లో వదిలారు. ఇప్పుడు రీల్స్ అంటున్నాం కదా, ఇంచుమించు అదే ఆలోచన.. పాతికేళ్ల క్రితం! విడుదలకు ముందే ఆల్బమ్ నాప్‌స్టర్‌లో లీకైంది. అయినా అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ అయ్యింది.

అందరికీ నచ్చిందా? లేదు. 'గిటార్లు ఏవి?' అని కొందరు విమర్శకులు చీల్చి చెండాడారు. పదేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. రోలింగ్ స్టోన్, పిచ్‌ఫోర్క్ రెండూ ఆ దశాబ్దపు అత్యుత్తమ ఆల్బమ్‌గా దీన్నే ఎంచాయి. అవే సెషన్లలోని మిగతా పాటలతో 2001లో 'ఆమ్నీసియాక్' వచ్చింది.

వెనక్కి తిరిగి చూసినప్పుడు..

ప్రతి మలుపూ సక్సెస్ కాలేదు. 2003లో వచ్చిన 'హెయిల్ టు ది థీఫ్'లో గిటార్లు, కంప్యూటర్లు రెండింటినీ కలిపారు. నెలల తరబడి నలగకుండా లాస్ ఏంజెలిస్‌లో చకచకా చాలావరకు రికార్డ్ చేసేశారు. 14 పాటలు. కొన్ని అద్భుతం. కానీ ఆల్బమ్ పొడవు ఎక్కువైందని, కొన్ని పాటలు తీసేయాల్సిందని తర్వాత బ్యాండ్ సభ్యులే అన్నారు. ఇన్నేళ్లకు ఆ పాటలకు ఇంకో జీవితం దొరికింది. 2025లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 'హామ్లెట్' నాటకాన్ని ఈ ఆల్బమ్ సంగీతంతో కలిపి రంగస్థలం మీదికి తెచ్చింది.

ఈ ఆల్బమ్‌తోనే ఈఎంఐతో ఒప్పందం పూర్తయ్యింది. ఇప్పుడు రేడియోహెడ్‌కు కంపెనీ లేదు. ఆ ఖాళీలోంచే అసలు సంచలనం పుట్టింది.

'మీకు తోచినంత ఇవ్వండి'

2007 అక్టోబర్ 1న జానీ బ్యాండ్ వెబ్‌సైట్‌లో ఓ చిన్న పోస్ట్ పెట్టాడు. కొత్త ఆల్బమ్ పూర్తయింది, పది రోజుల్లో వస్తుంది అని. అక్టోబర్ 10న 'ఇన్ రెయిన్‌బోస్' డౌన్‌లోడ్‌కు వచ్చింది. ధర గడి ఖాళీగా ఉంది. వినేవాళ్లే తోచినంత వేసుకోవచ్చు. సున్నా వేసినా పాటలు వస్తాయి!

అప్పటికి స్పాటిఫై లేదు. పాటల కంపెనీలు పైరసీతో తల పట్టుకుని కూర్చున్నాయి. అలాంటి టైమ్‌లో ఇంత పెద్ద బ్యాండ్ ధర నిర్ణయాన్ని జనానికే వదిలేయడం పరిశ్రమను కుదిపేసింది. ఫలితం ఏంటి? ఎక్కువమంది డబ్బు కట్టలేదు. అయినా, సీడీ షాపుల్లోకి రాకముందే ఈ ఆల్బమ్ మీద వచ్చిన డబ్బు, అంతకు ముందు ఆల్బమ్ మొత్తం మీద వచ్చినదానికంటే ఎక్కువని పాటల హక్కులు చూసే వార్నర్ చాపెల్ 2008లో వెల్లడించింది. మధ్యలో కంపెనీ వాటా లేకపోవడమే అందుకు కారణం. 40 పౌండ్ల స్పెషల్ బాక్స్ కూడా బాగా అమ్ముడైంది. ఆ తర్వాత మామూలు సీడీ వేస్తే బ్రిటన్, అమెరికా రెండు చోట్లా నంబర్ వన్.

కానీ అందరూ ఇలా చేయగలరా? అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఏళ్ల తరబడి ఈఎంఐ పబ్లిసిటీతో పేరు తెచ్చుకున్న బ్యాండ్‌కు ఇది సాధ్యం. నిన్న మొన్న మొదలైన బ్యాండ్ పాట ఊరికే ఇస్తే ఊరికే పోతుంది. ఈ విమర్శలో నిజం ఉంది. స్పాటిఫై వచ్చాక కొత్త కళాకారులకు దక్కేది తక్కువంటూ యార్క్, గాడ్రిచ్ 2013లో తమ వేరే ప్రాజెక్టుల పాటలను అందులోంచి తీసేశారు కూడా.

డబ్బు గొడవ పక్కన పెడితే, సంగీతంగా కూడా 'ఇన్ రెయిన్‌బోస్' ముఖ్యమైనదే. కంప్యూటర్ నేర్పిన పాఠాలతో మళ్లీ ఐదుగురూ ఒక గదిలో కూర్చుని వాయించిన ఆల్బమ్ ఇది. మొదటి పాట '15 స్టెప్' ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. మన ఖండ చాపు తెలిసినవాళ్లు చప్పున పట్టేస్తారు. 'హౌస్ ఆఫ్ కార్డ్స్' వీడియో అయితే కెమెరా లేకుండా తీశారు! లేజర్ స్కానర్లతో మనుషుల్ని, వీధుల్ని చుక్కలుగా కొలిచి, ఆ చుక్కలతోనే బొమ్మ కట్టారు.

కత్తిరించి అతికించిన తాళం

2011లో 'ది కింగ్ ఆఫ్ లింబ్స్'. ఎనిమిదే పాటలు. వాళ్లు వాయించినవాటినే చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, మళ్లీ మళ్లీ తిప్పి ఒకదానిమీద ఒకటి పేర్చారు. వీటినే లూప్స్ అంటారు. స్టేజ్ మీద ఇది వాయించాలంటే ఒక డ్రమ్మర్ సరిపోలేదు. క్లైవ్ డీమర్ అనే రెండో డ్రమ్మర్‌ను తెచ్చుకున్నారు. ఈ ఆల్బమ్‌లోని 'లోటస్ ఫ్లవర్' వీడియోలో యార్క్ టోపీ పెట్టుకుని ఒంటరిగా వేసిన స్టెప్పులు ఇంటర్నెట్‌లో మీమ్‌లుగా తిరిగాయి.

ఆ టూర్‌లోనే విషాదం జరిగింది. 2012 జూన్‌లో టొరంటోలో కచేరీ మొదలవడానికి కొన్ని గంటల ముందు స్టేజ్ పైకప్పు కూలి బ్యాండ్ డ్రమ్ టెక్నీషియన్ చనిపోయారు.

జోధ్‌పూర్ కోటలో మూడు వారాలు

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 2015లో జానీ గ్రీన్‌వుడ్, గాడ్రిచ్ రాజస్థాన్ వచ్చారు. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటలో మూడు వారాల పాటు రికార్డింగ్ చేశారు. ఇజ్రాయెల్ స్వరకర్త షై బెన్ త్జూర్, 'రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్' పేరుతో కలిసిన ఇక్కడి కవ్వాలీ గాయకులు, బ్రాస్ బ్యాండ్ కళాకారులు, ఢోలక్ వాద్యకారులు అందులో పాల్గొన్నారు. ఆల్బమ్ పేరు 'జునూన్'. హాలీవుడ్ దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్ ఇదే పేరుతో డాక్యుమెంటరీ తీశారు. అందులో జానీ ముందు వరసలో ఉండడు. ఓ మూల కూర్చుని వాయిస్తూ కనిపిస్తాడు. తర్వాత ఈ బృందం రేడియోహెడ్ కచేరీలకు ముందు వేదిక ఎక్కి పాడింది కూడా.

21 ఏళ్లు ఆగిన పాట

2016 మే నెలలో ఓ రోజు రేడియోహెడ్ వెబ్‌సైట్ తెల్లగా మారిపోయింది. పాత పోస్టులన్నీ సోషల్ మీడియాలోంచి మాయం! వారం తిరిగేసరికి 'ఎ మూన్ షేప్డ్ పూల్' వచ్చింది. ఈసారి ముందుకొచ్చింది వయొలిన్లు, చెల్లోలు. అప్పటికే సినిమా సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న జానీ, లండన్ కాంటెంపరరీ ఆర్కెస్ట్రాతో వాయింపించాడు. 'బర్న్ ది విచ్' పాటలో వయొలిన్ తీగల్ని కమానుతో కాకుండా గిటార్ మీటే ప్లెక్ట్రమ్‌లతో కొట్టించాడు. అంటే గిటార్ పోయిందనుకున్నారు కానీ, గిటార్ వాయించే చెయ్యి మాత్రం వయొలిన్లలోకి వచ్చి చేరింది.

ఆల్బమ్‌లో చివరి పాట 'ట్రూ లవ్ వెయిట్స్'. దీన్ని యార్క్ 1995 నుంచే కచేరీల్లో పాడుతున్నాడు. అభిమానులకు ఎప్పటినుంచో తెలుసు, ఎంతో ఇష్టం. కానీ స్టూడియోలో ఎలా చేసినా కుదరలేదు. 21 ఏళ్లు పక్కనే ఉంచారు. 'న్యూడ్' పాట కూడా అంతే. 1990ల్లో రాసి, స్టేజ్ మీద పాడి, 2007లో గానీ ఆల్బమ్‌లో పెట్టలేదు.

రేడియోహెడ్ ఇన్నిసార్లు మారడం వెనుక ఉన్న అసలు విషయం ఇదే. వీళ్లకు పాట వేరు, దానికి తొడిగే సౌండ్ వేరు. పాట మీద నమ్మకం ఉంది కాబట్టే సౌండ్‌ను ఎప్పుడైనా వదిలేయగలిగారు. సౌండ్ కుదరనప్పుడు, ఎంత డిమాండ్ ఉన్నా పాటను ఆపగలిగారు. ఫ్యాషన్ కోసం మారి ఉంటే మధ్యలో ఎక్కడో తప్పిపోయేవాళ్లు.

విమర్శలు.. విరామం

వివాదాలు లేకపోలేదు. 2017లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో కచేరీ చేయొద్దంటూ పింక్ ఫ్లాయిడ్‌కు చెందిన రోజర్ వాటర్స్, దర్శకుడు కెన్ లోచ్ వంటివాళ్లు బహిరంగంగా కోరారు. ఒక దేశంలో పాడినంత మాత్రాన అక్కడి ప్రభుత్వాన్ని సమర్థించినట్టు కాదని యార్క్ బదులిచ్చి కచేరీ చేశాడు. ఆ విమర్శ ఇప్పటికీ బ్యాండ్‌ను వెంటాడుతూనే ఉంది.

2018 తర్వాత బ్యాండ్ ఆగింది. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అదే ఏడాది 'ఓకే కంప్యూటర్' నాటి మినీడిస్క్ రికార్డింగులు ఎవరో దొంగిలించి డబ్బు డిమాండ్ చేశారు. బ్యాండ్ ఏం చేసిందో తెలుసా? పైసా ఇవ్వలేదు. ఆ 18 గంటల రికార్డింగ్‌ను తామే 18 పౌండ్లకు, 18 రోజుల పాటు ఆన్‌లైన్‌లో అమ్మి, ఆ సొమ్మును పర్యావరణ ఉద్యమ సంస్థ ఎక్స్‌టింక్షన్ రెబెలియన్‌కు ఇచ్చేశారు! ఈలోగా యార్క్, జానీ కలిసి డ్రమ్మర్ టామ్ స్కిన్నర్‌తో 'ది స్మైల్' అనే కొత్త బ్యాండ్ పెట్టి మూడు ఆల్బమ్స్ చేశారు.

కొత్తగా వినేవాళ్లకు..

ఎక్కడ మొదలుపెట్టాలి? గిటార్లు ఇష్టమైతే 'ది బెండ్స్'. 'లెట్ డౌన్' విని వచ్చినవాళ్లు 'ఓకే కంప్యూటర్'. మొత్తంగా ఒక్కటే వింటామంటే 'ఇన్ రెయిన్‌బోస్'. 'కిడ్ ఎ' మొదటిసారి వింటే కొంచెం చిరాకు రావొచ్చు. మూడోసారికి పట్టుకుంటుంది.

ఒక్క మాట.. ఫోన్ స్పీకర్‌లో వినకండి. బేస్ మొత్తం పోతుంది. 'నేషనల్ ఆంథెమ్' లాంటి పాటలో బేస్ పోతే మిగిలేది గోలే. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు.

తీరిక ఉంటే ఇంకో పని చేయండి. 'ట్రూ లవ్ వెయిట్స్' రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి 2001 లైవ్ ఆల్బమ్‌లో, ఒక్క గిటార్‌తో గట్టిగా పాడింది. రెండోది 2016లో, పియానో మీద మెల్లగా, దాదాపు గుసగుసలా పాడింది. రెండూ వెంట వెంటనే వినండి. మాటలు అవే. మొదటిదాంట్లో పాడుతున్నది ప్రేమ కోసం బతిమాలే కుర్రాడు. రెండోదాంట్లో పాడుతున్నది అది చేజారాక గుర్తు చేసుకుంటున్న మనిషి.